చిన్న సూదే కదా అని బయల్దేరే ముందు

(వనస్థలిపురంలో పెద్దవాళ్ల సమావేశంలో ఒక పెయిన్ స్పెషలిస్టు చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరు మార్చలేదు. ఒకే మాట రెండుసార్లు వచ్చిన చోట ఒకటి తీసేశాం.)

అందరికీ నమస్కారం. వెనక వరసలో వినిపిస్తోందా? ఫ్యాన్ కింద కూర్చున్నవాళ్లు చేతులెత్తండి... సరే, వినిపిస్తోంది.

నడుము నొప్పి గురించి చెప్పమన్నారు. దాని గురించి ఈ హాల్లో నాకంటే ఎక్కువ తెలిసినవాళ్లు చాలామందే ఉన్నారు. (నవ్వులు) అందుకని నొప్పిని వదిలేసి, నొప్పికి వేసే సూది గురించి మాట్లాడతాను. వెన్నులో నరం పక్కన మందు వేసే ఎపిడ్యూరల్, వెన్నుపూసల వెనక చిన్న కీళ్లలో వేసే ఫాసెట్ ఇంజెక్షన్, మోకాలి చుట్టూ ఉన్న సన్నటి నరాలను వేడితో మొద్దుబార్చే రేడియోఫ్రీక్వెన్సీ, పొట్టిగా ఆర్‌ఎఫ్. ఇవన్నీ పొద్దున వచ్చి సాయంత్రానికి ఇంటికి వెళ్లిపోయే పనులు. టేబుల్ మీద పట్టేది చాలాసార్లు అరగంట లోపే. కుట్లు ఉండవు, వార్డు ఉండదు.

చిక్కంతా అక్కడే ఉంది. మోకాలి ఆపరేషన్ అంటే ఇంటిల్లిపాదీ కదులుతారు. అమెరికా నుంచి అబ్బాయి వస్తాడు, పాత రిపోర్టులన్నీ ఫైల్లో పెడతారు. సూది అనేసరికి మనిషి ఒక్కడే ఆటో ఎక్కి వచ్చేస్తాడు, జేబులో ఆధార్ కార్డు తప్ప ఏ కాగితమూ ఉండదు. సూది చిన్నదే, కాదనను. అది వెళ్లి ఆగే చోటు మాత్రం వెన్నుపాముకి, పెద్ద నరాలకి బాగా దగ్గర. నా మాట అడిగితే, ఆ అరగంటలో నేను పడే జాగ్రత్త ఎంతో, అంతకు ముందు వారం మీరు ఇంట్లో పడాల్సిన జాగ్రత్త కూడా అంతే.

మొదట మందుల సంగతి. ఎక్కువసేపు దీని మీదే ఉంటాను, ఏమీ అనుకోవద్దు.

"ఏం మందులు వాడుతున్నారమ్మా?" అని అడిగితే నాకు మామూలుగా వచ్చే జవాబు: "బీపీదొకటి, షుగర్‌దొకటి, గుండెకి చిన్న తెల్ల గోళీ." ఆ చిన్న తెల్ల గోళీ దగ్గరే నాకు టెన్షన్ మొదలవుతుంది. అది ఎకోస్ప్రిన్ కావచ్చు, క్లోపిటాబ్, అంటే క్లోపిడోగ్రెల్ కావచ్చు, రెండూ కలిసిన క్యాప్సూల్ కావచ్చు. ఎకోస్ప్రిన్ ఏవీ అని రాసి ఉంటే అందులో ఆస్పిరిన్, కొలెస్ట్రాల్ మందు ఉంటాయి. ఎకోస్ప్రిన్ గోల్డ్ అంటే ఆ రెండింటితో పాటు క్లోపిడోగ్రెల్ కూడా. పేరులో ఒక్క మాట తేడా, నాకు మాత్రం సూది వెయ్యాలా, వాయిదా వెయ్యాలా అన్నంత తేడా. అందుకే పేర్లు గుర్తుపెట్టుకోవద్దు, రాసుకు రావద్దు. ఇంట్లో ఉన్న స్ట్రిప్పులన్నీ ఒక క్యారీ బ్యాగులో వేసుకుని రండి. సగం కత్తిరించిన స్ట్రిప్పు అయితే పేరున్న ముక్క తీసుకురండి. మెడికల్ షాపువాళ్లు మనకు పది గోళీలు కత్తిరించి ఇచ్చినప్పుడు పేరు వాళ్ల దగ్గరే ఉండిపోతుంది, గమనించారా? ఈసారి పేరు ఉన్న వైపు ఇమ్మని అడగండి.

ఎందుకింత చెబుతున్నానంటే, ఈ మందులు రక్తాన్ని గడ్డకట్టనివ్వవు. గుండెకు అది మంచిదే. వెన్నులో సూది దిగినప్పుడు ఓ చిన్న రక్తనాళం తెగిందనుకోండి, మామూలు మనిషికి నిమిషాల్లో ఆగిపోతుంది. ఈ మందు మీద ఉన్నవాళ్లకి ఆగకపోవచ్చు. వెన్నెముక గొట్టం లోపల ఖాళీ జాగా లేదు. అక్కడ రక్తం పేరుకుంటే నరాలను నొక్కేస్తుంది, కాళ్లు పడిపోవచ్చు. చాలా అరుదు, నిజమే. కానీ జరిగితే గంటల్లో ఆపరేషన్ చేసి ఆ ఒత్తిడి తీసెయ్యాలి.

ఇది వినగానే ఒకాయన ఇంటికెళ్లి అన్నీ ఆపేస్తాడు. అది ఇంకా ప్రమాదం! గుండెలో స్టెంట్ వేసిన మొదటి నెలల్లో ఈ గోళీ ఆపితే స్టెంటే మూసుకుపోవచ్చు. నడుము నొప్పికి వచ్చి గుండెపోటుతో వెళ్లాల్సిన ఖర్మ ఎవరికీ వద్దు. స్టెంట్ కొత్తదైతే సూదినే వాయిదా వేస్తాం. నొప్పి ఆగుతుంది, గుండె ఆగకూడదు.

మరి ఎవరు నిర్ణయించాలి? నేనూ, మీ గుండె డాక్టరూ మాట్లాడుకుని. మామూలుగా వెన్నులో వేసే సూదికి క్లోపిడోగ్రెల్ 7 రోజుల ముందు ఆపుతాం. రక్తం గడ్డకట్టనివ్వని ఇంకో మందు వార్ఫరిన్ అయితే 5 రోజులు, ఆ తర్వాత రక్తం ఎంతసేపట్లో గడ్డకడుతుందో చెప్పే ఐఎన్ఆర్ పరీక్ష చేసి మామూలు స్థితికి వచ్చిందని చూసుకుంటాం. అపిక్సబాన్, రివరాక్సబాన్ లాంటి, అదే పని చేసే కొత్త మందులకు 3 రోజులు, కిడ్నీలు సరిగా లేకపోతే ఇంకా ఎక్కువ. ఆస్పిరిన్ ఒక్కటే అయితే చాలా పనులకు ఆపనే ఆపం. మోకాలి కీలులోకి, భుజంలోకి వేసే సూదులకు చాలాసార్లు ఏదీ ఆపనక్కర్లేదు. ఈ అంకెలు మీకెందుకు చెప్పానంటే, ఒక్కో మందుకు ఒక్కో లెక్క ఉందని తెలియడానికి. పక్కింటాయన వారం ఆపాడని మీరూ వారం ఆపకండి. ఇంకో మాట, ఆపడానికి ఎంత శ్రద్ధ పెడతామో మళ్లీ మొదలుపెట్టడానికీ అంత పెట్టాలి. ఎప్పుడు మళ్లీ వేసుకోవాలో చీటీ మీద రాయించుకోండి. సూది అయిపోయింది, నొప్పి తగ్గింది, ఆ సంతోషంలో గుండె గోళీ సంగతి మర్చిపోయేవాళ్లున్నారు.

ప్రశ్న (సభలో ఒకరు): సార్, ఆయుర్వేదం, హోమియో వాటితో ఏం కాదు కదా?

అడిగారు, మంచిదైంది. వెల్లుల్లి క్యాప్సూళ్లు, గింకో అనే చెట్టు ఆకుల మందు, చేప నూనె గోళీలు రక్తం గడ్డకట్టే తీరును కొంత మార్చగలవు. కూరలో వేసే వెల్లుల్లి గురించి కాదు నేను చెప్పేది, కంగారు పడకండి. నాకు అసలు భయం వేరే ఉంది. కీళ్ల నొప్పులకని పొట్లాల్లో కట్టి ఇస్తారు చూడండి, పేరుండదు, లేబుల్ ఉండదు. వేసుకున్న మర్నాటికే నొప్పి మాయం. అలాంటి పొడుల్లో స్టెరాయిడ్ కలిపి అమ్మిన సంఘటనలు మన దేశంలో బయటపడ్డాయి. నేను వెన్నులో వేసే మందులోనూ స్టెరాయిడే ఉంటుంది. మీ ఒంట్లో అప్పటికే నెలల తరబడి స్టెరాయిడ్ తిరుగుతుంటే నా లెక్క తప్పుతుంది. పైగా అలాంటి పొడిని ఒక్కసారిగా ఆపితే బీపీ పడిపోయి మనిషి నీరసించిపోవచ్చు. కాబట్టి ఆ పొట్లాన్ని కూడా క్యారీ బ్యాగులో వెయ్యండి. నేను తిట్టను. తిట్టినా కొంచెమే తిడతాను. (నవ్వులు)

ఇక షుగర్. ఇక్కడ షుగర్ ఉన్నవాళ్లు చేతులెత్తండి... హైదరాబాద్ కదా, అడగడమే తప్పు.

స్టెరాయిడ్ పడ్డాక షుగర్ పెరుగుతుంది. సాధారణంగా మొదటి రెండు మూడు రోజులు బాగా ఎక్కువ ఉంటుంది, వారం లోపల సర్దుకుంటుంది. ఎప్పుడూ 140, 150 ఉండే మనిషికి మీటర్‌లో 300 కనపడితే గుండె గుభేలుమంటుంది. ముందే తెలిస్తే కంగారుండదు. ఇంట్లో గ్లూకోమీటర్ ఉందో లేదో, స్ట్రిప్పుల డేట్ అయిపోయిందో లేదో సూదికి ముందే చూసుకోండి. రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ బాగా ఎక్కువగా ఉంటే, ముందు షుగర్ దారికి వచ్చేదాకా ఆగమంటాం. ఇన్ఫెక్షన్ భయం ఒకటి, షుగర్ ఇంకా ఎగిరిపోతుందన్న భయం ఇంకొకటి.

ఇందులోనే ఇంకో మెలిక ఉంది. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అని షుగర్ మందులున్నాయి. మూత్రంలో చక్కెరను బయటికి పంపేవి, ఈమధ్య గుండెకీ కిడ్నీకీ కూడా రాస్తున్నారు. ఇవి వేసుకుంటూ ఖాళీ కడుపుతో ఉంటే ఒంట్లో ఆమ్లాలు పేరుకుని ప్రాణం మీదికి రావచ్చు. మీటర్‌లో షుగర్ మామూలుగానే కనిపిస్తుంది, అందుకే ఎవరికీ అనుమానం రాదు. ఉపవాసం ఉంచాల్సిన పనులకు వీటిని 3 రోజుల ముందు ఆపడం పద్ధతి. బరువు తగ్గడానికని వారానికొకసారి పొట్టకు వేసుకునే సెమాగ్లుటైడ్, టిర్జెపటైడ్ ఇంజెక్షన్లు తీసుకుంటుంటే అదీ చెప్పండి. వాటివల్ల తిన్నది పొట్టలోంచి నెమ్మదిగా కదులుతుంది. పిల్లల ముందు చెప్పడానికి మొహమాటమైతే నా చెవిలో చెప్పండి.

ఖాళీ కడుపు మాట వచ్చింది కాబట్టి అదీ చెప్పేస్తాను. అన్ని సూదులకూ ఉపవాసం అక్కర్లేదు. చర్మం మొద్దుబార్చి మాత్రమే చేసేవాటికి చాలాచోట్ల తేలిగ్గా తిని రమ్మంటారు. మత్తు ఇస్తామంటే మాత్రం లెక్క కచ్చితం: పూరీ, బిర్యానీ లాంటి నూనె సరుకు అయితే 8 గంటలు, ఇడ్లీ లాంటి తేలిక టిఫిన్ అయితే 6 గంటలు, మంచినీళ్లు 2 గంటల ముందు దాకా తాగొచ్చు. నీళ్లు కూడా మానేసి, నాలుక పిడచగట్టుకుపోయి, బీపీ పడిపోయి రావద్దు. ఏకాదశి నిష్ఠ ఇక్కడ పనికిరాదు.

చాయ్ సంగతేంటని మీ మొహాల్లోనే కనపడుతోంది. పాలు పోసిన చాయ్ నీళ్ల లెక్కలోకి రాదు, టిఫిన్ లెక్కలోకి వస్తుంది. ఇరానీ చాయ్ అయితే మరీ. "ఒక్క గుక్కే తాగాను డాక్టర్ గారూ" అంటారు, ఆ గుక్క దాచిపెడితేనే ఇబ్బంది. మత్తులో గొంతు కాపలా వదిలేస్తుంది. పైగా మిమ్మల్ని బోర్లా పడుకోబెడతాం. పొట్టలో ఉన్నది పైకి వచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతే సాయంత్రం ఇంటికెళ్లాల్సిన మనిషి ఐసీయూలో ఉంటాడు. తాగితే తాగానని చెప్పండి, కొన్ని గంటలు ఆలస్యమవుతుంది, లేదా రేపు చేస్తాం. అంతే. ఖాళీ కడుపుతో వచ్చేవాళ్లు షుగర్ గోళీ కూడా అలవాటుగా వేసుకొచ్చేస్తే దారిలోనే షుగర్ పడిపోతుంది. ఏది వెయ్యాలో, ఏది మానాలో ముందు రోజే అడిగి ఉంచుకోండి. బీపీ గోళీ మాత్రం చాలామందికి గుక్కెడు నీళ్లతో వేసుకోమనే చెబుతాం. బీపీ 200 ఉంటే నేను సూది పట్టుకోను.

మత్తు గురించి మాట్లాడుతూ హైదరాబాద్‌లో ఉండి ఒక కథ చెప్పకపోతే తప్పు. మత్తుకు క్లోరోఫామ్ వాడే రోజుల్లో దానితో కొందరు టేబుల్ మీదే చనిపోయేవారు. గుండె ముందు ఆగుతోందా, ఊపిరి ముందు ఆగుతోందా అని ప్రపంచమంతా కొట్టుకున్నారు. ఆ తగవు తేల్చడానికి 1888లో, 1889లో ఇక్కడ, మన ఊళ్లో పరిశోధన జరిగింది. హైదరాబాద్ క్లోరోఫామ్ కమిషన్ అంటారు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ డబ్బిచ్చారు, ఎడ్వర్డ్ లారీ అనే సర్జన్ నడిపించారు. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి ఉండేదే, 1908 మూసీ వరదకు పోయింది, అక్కడి మాట ఇది. లారీ శిష్యురాలు రూపాబాయి ఫర్దూన్‌జీ మన ఊరి డాక్టరే, ప్రపంచంలో మత్తు ఇచ్చిన తొలి మహిళా వైద్యుల్లో ఒకరు. కమిషన్ తేల్చింది ఏమిటంటే, నాడి పట్టుకుని కూర్చోవద్దు, ఊపిరిని చూస్తూ ఉండండి అని. గుండె కూడా హఠాత్తుగా ఆగగలదని తర్వాత ఇరవయ్యేళ్లకు ఇంకొకరు రుజువు చేశారు, అది వేరే సంగతి. ఇవాళ మేం రెండూ చూస్తాం. వేలికి క్లిప్పు, ఛాతీకి తీగలు, చేతికి బీపీ పట్టీ. మత్తు ఇస్తామని చెప్పిన చోట ఇవి కనిపించకపోతే, ఆక్సిజన్ సిలిండర్ గానీ గోడకు ఆక్సిజన్ పైపు గానీ కనిపించకపోతే, లేచి వచ్చేయండి. మర్యాద గురించి ఆలోచించకండి.

ఆ వేలి క్లిప్పు సరిగా చదవాలంటే గోరు మీద ముదురు రంగు ఉండకూడదు. ఆషాఢంలో గోరింటాకు పెట్టుకుంటారు, నేను వద్దనను. సూది ఉందని తెలిస్తే ఒక్క వేలన్నా వదిలిపెట్టండి.

నగల విషయం త్వరగా చెప్పేస్తాను. ఎక్స్‌రే తెర మీద చూస్తూ వేస్తాం, మెడలో గొలుసు ఉంటే ఎముక మీద గీతలా అడ్డం పడుతుంది. ఆర్‌ఎఫ్ అయితే కరెంటు పని, ఒంటి మీద లోహం లేకపోతేనే మంచిది. పుస్తెలు తియ్యనని పట్టుబట్టే అమ్మలుంటారు. వాళ్లను బలవంతం చెయ్యం. ఇంటి దగ్గరే పసుపు కొమ్ము కట్టిన దారం వేసుకుని, పుస్తెలు బీరువాలో పెట్టి వస్తే ఆసుపత్రిలో ఎక్కడ పెట్టామో అన్న వెతుకులాట కూడా ఉండదు. పేస్‌మేకర్ ఉన్నవాళ్లు మాత్రం తప్పకుండా ముందే చెప్పాలి, ఆర్‌ఎఫ్ కరెంటు దాన్ని తికమక పెట్టగలదు.

ఇంకో విషయం మా చేతికి రోజూ తగిలేది. బోర్లా పడుకోబెట్టి చొక్కా ఎత్తగానే నడుమంతా మచ్చలు మచ్చలుగా కమిలి ఉంటుంది. వేడినీళ్ల బ్యాగు పెట్టి పెట్టి. ఒక్కోసారి బొబ్బలు కూడా. పైన బామ్, దాని మీద నూనె, దాని మీద అంటించి పీకిన ప్లాస్టర్ జిగురు. సూది వెళ్లే చోట చర్మం చెదిరి ఉంటే లోపలికి క్రిములను మనమే తోసినట్టు. వారం ముందు నుంచి కాపడం తగ్గించండి, ముందు రోజు సబ్బుతో స్నానం చేసి ఏమీ రాయకుండా రండి. జ్వరం, మూత్రంలో మంట, పంటి దగ్గర చీము, కాలికి మానని పుండు... నడుముకు సంబంధం లేదని వదిలెయ్యకండి. ఇన్ఫెక్షన్ ఒంట్లో ఎక్కడున్నా సూది వాయిదా వెయ్యాల్సిందే.

శుభ్రత విషయంలో మమ్మల్ని కూడా అడగండి. 2012లో అమెరికాలో ఇదే వెన్ను సూదితో పెద్ద ఘోరం జరిగింది. ఒక కంపెనీ కలిపిన స్టెరాయిడ్ సీసాల్లో బూజు చేరింది. 700 మందికి పైగా జబ్బుపడ్డారు, 60 మందికి పైగా చనిపోయారు. డాక్టర్ల చెయ్యి తప్పలేదు, సీసా తప్పింది. "నాకు కొత్త సీసా తెరుస్తారా, ఒకరి సీసాలోది ఇంకొకరికి వేస్తారా?" అని అడగడంలో తప్పేం లేదు. ఎవరైనా చిన్నబుచ్చుకుంటే, చిన్నబుచ్చుకోనివ్వండి.

సంతకం పెట్టే కాగితం గురించి. "ఎక్కడ పెట్టాలి?" అని పెన్ను తీసుకుంటారు. చదవండి, లేదా చదివించుకోండి. కుడి వైపా ఎడమ వైపా అన్నది అందులో ఉందో లేదో చూడండి, టేబుల్ ఎక్కే ముందు మీ నోటితో కూడా చెప్పండి. ఒక పనికి ఒప్పుకుంటే దాంతో పాటు ఇంకో పనికీ ఒప్పుకున్నట్టు కాదని సుప్రీంకోర్టు 2008లో సమీరా కోహ్లీ కేసులో స్పష్టంగా చెప్పింది, ప్రాణాపాయం ఉంటే తప్ప. ఇన్సూరెన్స్ ఉన్నవాళ్లు ఒకటి కనుక్కోండి: మీ సూదిని ఆసుపత్రి డే కేర్ కింద రాస్తోందా, ఓపీ కింద రాస్తోందా. మామూలుగా ఓపీలో చేసే చికిత్సలను పాలసీలు డే కేర్‌గా ఒప్పుకోవు. బిల్లు కట్టాక గొడవపడే కంటే ముందే అప్రూవల్ అడగడం నయం.

ప్రశ్న (ఒక పెద్దావిడ): బాబూ, తిరిగి ఒక్కదాన్నే మెట్రోలో వెళ్లొచ్చా?

వద్దమ్మా. మందు వేశాక కొన్ని గంటలు కాలు మొద్దుగా, బరువుగా ఉండొచ్చు. ఎల్బీ నగర్ స్టేషన్ మెట్ల మీద ఆ కాలిని నమ్మొద్దు. ఎవరో ఒకరు తోడు రావాలి, తోడు లేకపోతే మత్తు ఇవ్వం. బైక్ వెనక సీటు కూడా వద్దు. మత్తు తీసుకున్నవాళ్లు 24 గంటలు బండి నడపకూడదు, ఆస్తి కాగితాల మీద సంతకాలు పెట్టకూడదు. అది కూడా చెబుతున్నా, కొడుకులు వింటున్నారు కాబట్టి. (నవ్వులు) ఇంటికెళ్లాక ఆ రోజు బాత్రూమ్‌కి ఒంటరిగా వెళ్లొద్దు. కింద కూర్చునే టాయిలెట్ అయితే కుర్చీ కమోడ్ ముందే తెప్పించి పెట్టుకోండి. గడియ పెట్టుకోవద్దు.

నొప్పి సంగతి: ఆ సాయంత్రం హాయిగా ఉంటుంది, అది మొద్దుబార్చే మందు పని. రాత్రికో మర్నాటికో నొప్పి మళ్లీ వస్తుంది, "సూది ఫెయిలైంది" అని ఫోన్లు వస్తాయి. స్టెరాయిడ్ పని మొదలవడానికి కొన్ని రోజులు పడుతుంది, ఒక్కోసారి రెండు వారాలు కూడా. అలా కాకుండా కాలు కొత్తగా బలహీనపడినా, మూత్రం ఆగిపోయినా, తెలియకుండా పోయినా, తొడల మధ్య స్పర్శ పోయినా, నడుము నొప్పి గంటగంటకీ పెరుగుతున్నా, జ్వరంతో మెడ బిగుసుకున్నా తెల్లారేదాకా ఆగొద్దు. లేచి కూర్చుంటే తల పగిలిపోయి, పడుకుంటే తగ్గే తలనొప్పి వచ్చినా చెప్పండి. రాత్రి ఎవరికి ఫోన్ చెయ్యాలో ఆ నంబరు తీసుకోకుండా ఆసుపత్రి గేటు దాటొద్దు. రిసెప్షన్ నంబరు కాదు, రాత్రి ఎత్తే నంబరు.

ప్రశ్న: సార్, ఆదివారం మా మనవరాలి పెళ్లి. శనివారం సాయంత్రం సూది వేయించుకుంటే పెళ్లిలో నిలబడగలనా?

పెళ్లి ఏ ఆదివారం? ఈ ఆదివారమా! అయితే వద్దండి. ఆదివారానికి మందు ఇంకా పని మొదలుపెట్టదు, షుగర్ మాత్రం పెరిగి ఉంటుంది, ఎదురుగా పెళ్లి భోజనం. ఏదన్నా తేడా వస్తే ఆదివారం మా ఓపీ కూడా ఉండదు. పెళ్లికి కుర్చీ వేయించుకుని కూర్చోండి, అక్షింతలు కూర్చునే వేయొచ్చు. సోమవారమో మంగళవారమో పొద్దున్నే రండి, క్యారీ బ్యాగు తీసుకుని.